పట్టుబడి అయ్యేదాకా

లాజరస్ నోరు విప్పితే దేశాలన్నీ వరసకట్టి నిలబడాల్సిందే. కరుణాకుమారికి మొగుడి ఉపన్యాసాలు విని విని తల వాచిపోయింది. ఆ పొద్దున మళ్లీ మొదలుపెట్టాడు. నర్సు చదివిన తన కూతుర్ని ఏ దేశం పంపాలో కనుక్కుందామని సమాధానం అనే చర్చి పెద్ద వచ్చి దొరికిపోయాడు, పాపం.

"జర్మనీవాడు భాష నేర్చుకుంటే పిలుస్తాడన్నా. కెనడావాడు చదువుకీ వయసుకీ మార్కులేస్తాడు. గల్ఫు జోలికి మాత్రం పోబాక. నేను ఆడ పనిచేసినన్నాళ్లూ నా పాస్‌పోర్టు మా యజమాని పెట్టెలో పెట్టుకున్నాడు. మా అమ్మ పోయినప్పుడు కాళ్లు పట్టుకున్నా ఇయ్యలా. సమాధి చేసేది ఫోన్లో చూసినా. మన దేశమే నయం. ఒడిశా నుంచి వచ్చినోణ్ణి ఇక్కడ ఎవుడైనా వీసా అడిగినాడా?"

అంతలో రొయ్యల గుంటల కాడి నుంచి సుదాం పరిగెత్తుకొచ్చాడు. లాజరస్ పెట్టుకున్న ఒడియా పనివాళ్లలో అతనొకడు.

"సార్, పెళ్లాం ఆస్పత్రిలో ఉంది. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ అంట. మధ్యాన్నం రైలు ఉంది. నా ఆధార్ కార్డు ఇవ్వండి సార్."

పనివాళ్లు మధ్యలో జారుకోకుండా వాళ్ల కార్డులన్నీ బీరువాలో పెట్టి తాళం వేయడం లాజరస్ రివాజు.

"వారంలో పట్టుబడి పెట్టుకుని ఇప్పుడా? రొయ్యలు పట్టి లారీకి ఎక్కించినాక పో. నిన్ను వదిలితే నీ ఎనకాలే అందరూ పోతారు."

కరుణాకుమారికి ఒళ్లు మండిపోయింది.

"ఏందయ్యా! ఇందాక ఆ యజమానిని తిట్టిన నోరేనా ఇది?"

"వాడూ నేనూ ఒకటేనా? వీళ్లకి గది ఇచ్చినా, ఫ్యాను ఏయించినా..."

"ఆయన నీకు ఏసీ ఇచ్చినాడు!"

కరుణాకుమారి విసవిసా లోపలికెళ్లి బీరువా తాళం తీసి, కార్డులన్నీ తెచ్చి అరుగు మీద పడేసింది. సుదాం తనది వెతుక్కుని, దణ్ణం పెట్టడం కూడా మరిచి పరిగెత్తాడు. కబురు తెలిసి మిగతావాళ్లు వచ్చేశారు. ఎవరి కార్డు వాళ్లు తీసుకుని, జేబులో భద్రంగా పెట్టుకుని నిలబడ్డారు.

"చూసినావా? ఇప్పుడు వీళ్లు కూడా పోతే రొయ్యలు ఎవురు పడతారే?" లాజరస్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఉంటారేమో అడుగు."

"ఏమని అడగాల?"

"ఉండండని అడుగు. అంతేగా!"

లాజరస్ వాళ్ల వైపు తిరిగాడు. మొదటివాణ్ణి పేరు పెట్టి పిలవబోయి ఆగిపోయాడు. రెండేళ్లుగా తన గుంటల మీద పనిచేస్తున్న మనిషి పేరు అతనికి తెలియదు.