పొడి పూసిన చుక్కలు

మూడో పీరియడ్‌కి క్లాసులో ఒక్కరూ లేరు. పంజాగుట్టలోని ఆ డిగ్రీ కాలేజీలో అది కొత్తేమీ కాదు. ఫిజిక్సులో చేరిన పదకొండుమందీ పొద్దున్నే అమీర్‌పేటలో జావా కోర్సుకి వెళ్లి, అటునుంచి అటే ఇళ్లకి పోతున్నారు. లెక్చరర్ హైమవతి ఖాళీ బెంచీల ముందు ఐదు నిమిషాలు కూర్చుంది. కాళ్లు లాగుతున్నాయి. ఇక లాభం లేదని లేచి ల్యాబ్‌కి నడిచింది.

నలభై రెండేళ్ల వయసులో ఆమె పీహెచ్‌డీ చేస్తోంది. పని చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. నీళ్లంటని, లైకోపోడియం అనే మొక్క నుంచి వచ్చే పొడిని పళ్లెంలో పరిచి, దానిమీద ఒక నీటిచుక్కని దొర్లించాలి. పొడి చుక్కంతా అంటుకుంటుంది. ఇక ఆ చుక్క గాజుపలక మీద పెట్టినా తడి అంటించదు, గోలీలా దొర్లుతుంది. నెమ్మదిగా వదిలితే నీళ్లమీద కూడా తేలుతుంది. లోపలి నీరు ఆవిరైపోయే కొద్దీ సొట్టలు పడి, చివరికి ఎండు ద్రాక్షలా ముడుచుకుపోతుంది. ఎంతసేపటికి ముడుచుకుంటుందన్నదే హైమవతి ప్రశ్న.

పొడి లేని చుక్క యాభై ఏడు నిమిషాల్లో ఆరిపోయింది. ఆ లెక్కలు ఏప్రిల్ మొదట్లోనే తేలాయి. తర్వాత మూడు వారాలుగా పొడి పూసిన చుక్కలు రెండు గంటలు దాటి నిలుస్తున్నాయి. ఆమె గైడు చక్రపాణి గారు సంబరపడి, ఆ ఫలితాన్ని బెంగళూరు సెమినార్‌కి పంపించేశారు కూడా.

ల్యాబ్ తలుపు తీసేసరికి దుమ్ము ముక్కుకెక్కింది. పక్క గదిని కంప్యూటర్ ల్యాబ్ చేయడానికి మధ్యగోడ పగలగొడుతున్నారు. బల్లమీద చుక్క ఉంది. దానిమీద గాజు బీకరు బోర్లించి ఉంది. ఆమె క్లాసుల్లో ఉన్నప్పుడు చుక్కల్ని కనిపెట్టుకుని ఉండే అటెండరు హనుమాండ్లు పక్కనే స్టూలు మీద గడియారం చూస్తూ కూర్చున్నాడు.

హైమవతి బీకరు వైపు వేలు చూపించింది. "ఇది ఎవరు మూశారు?"

"నేనే మేడమ్. గోడ కూలగొడుతున్నరు గదా, దుమ్ము వడితె మీ గోలీ ఖరాబైతదని మూసిన. మీరొచ్చే యాళ్లకు తీస్త."

"ఎన్నాళ్ల నుంచి?"

"గోడ పని షురువైన కాడికెళ్లి. మూడు వారాలైతుండొచ్చు." ఆమె ముఖం చూసి అతను లేచి నిలబడ్డాడు. "ఏందమ్మా, తప్పైందా?"

మూతపెడితే లోపలి గాలి తడెక్కుతుంది. చుక్క ఆరదు. రెండు గంటలు నిలబెట్టింది పొడి కాదు, బీకరు. ఈ మాట అతనికి ఎలా చెప్పాలో హైమవతికి తోచలేదు. పదిహేనేళ్లుగా ఈ ల్యాబ్‌లో ఒక్క గాజుసామాను పగలనివ్వని మనిషి. తనెప్పుడూ క్లాసులకి పరుగెత్తుతూ, ఎలా చూడాలో సరిగా చెప్పనేలేదు.

"మీ తప్పు కాదు హనుమాండ్లూ. నేనే చెప్పలేదు," అంది.

ఆ సాయంత్రం అమీర్‌పేట బూత్‌లో ఫోను పట్టుకుని నిలబడింది. కోర్సుల కరపత్రాలు పంచేవాడు ఒకటి ఆమె చేతిలోనూ పెట్టిపోయాడు.

చక్రపాణి గారు అంతా విన్నారు. "ఏంటమ్మా ఇది... పేపరు అచ్చుకి వెళ్తోంది. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదండీ."

అవతల పెద్ద నిట్టూర్పు. "సరే. వెనక్కి తీసుకుందాం. ఉత్తరం నేనే రాస్తాను."

మర్నాటినుంచి కూలీలు రాకముందే, ఆరున్నరకి, ఆమె, హనుమాండ్లు ఇద్దరూ ల్యాబ్‌కి వచ్చేవారు. ఒకే పొద్దున, ఒకే బల్లమీద, పొడి ఉన్న చుక్కా లేని చుక్కా పక్కపక్కన పెట్టి, మూత లేకుండా చూశారు. హనుమాండ్లు ఊపిరి కూడా అటు పడనిచ్చేవాడు కాదు. నెల తిరిగేసరికి లెక్క తేలింది: పొడి లేనిది యాభై ఎనిమిది నిమిషాలు, ఉన్నది అరవై నాలుగు.

"ఆరే నిమిషాలా మేడమ్?" అన్నాడు హనుమాండ్లు. అతని గొంతులో దిగులు ఆమెకన్నా ఎక్కువగా ఉంది.

"ఆరే."

"గింతదానికి ఇస్తరా మీకు డాక్టరు?"

"ఏమో. ఇవ్వకపోనూ వచ్చు." ఆమెకి నిద్ర కళ్లమీదికి వస్తోంది. పుస్తకంలో ఆరు అని రాసి, కింద గీత గీసింది. "ఆ ఆరు నిమిషాలూ ఎక్కడినుంచి వచ్చాయో ఇంకా వెతకాలి. ఇంత చుక్క కాదు, ఇంకాస్త పెద్దది పెట్టి చూద్దాం."

హనుమాండ్లు పొడి డబ్బా మూత తీశాడు.