ఏరు హోరు ఎటువైపు

సెప్టెంబరు మొదటి వారంలోనే మందల్ని తోలుకొచ్చిన మేత కొండల మీద మంచు పడింది. అదే ఉదయం మూడేళ్ళ జిబెక్ ఒళ్ళు కాలిపోతూ, మెడ బిగుసుకుపోయి కళ్ళు తేలేసింది. సగిన్ రెండు గుర్రాలకు జీను వేశాడు. భార్య బురుల్చా పిల్లను గొర్రెతోలు కోటులో చుట్టి గుండెకు కట్టుకుంది. ఆస్పత్రి ఉన్న రోడ్డుకు నాలుగు గంటల దారి.

కనుమ దాటేసరికి పొగమంచు కమ్మేసింది. దారి చీలిన చోట సగిన్ కుడికి తిప్పాడు.

“జిబెక్ నాన్నా, ఇటు కాదు. పైకొచ్చేటప్పుడు ఏరు మనకి కుడిపక్కన మోగింది. దిగేటప్పుడు ఎడమపక్క వినబడాలి కదా? ఇప్పుడూ కుడివైపే వినబడుతోంది.”

“ఆడదాని బుర్రకి దారులేం అందుతాయే? నువ్వు నీ తివాచీ ముడులు లెక్కెట్టుకో. దిక్కులు నా ఒంట్లోనే ఉన్నాయి.”

బురుల్చా అతని వెనకే గుర్రాన్ని కుడికి తిప్పింది. చిన్నప్పుడు బళ్ళో తను జ్యామితి లెక్కలన్నీ అందరికన్నా ముందు చేస్తే, “ఆడపిల్లలకి బట్టీయే వచ్చు, ఆలోచన రాదు” అన్నాడు మాస్టారు. ఆ మాట ఆమెలో పాతుకుపోయింది. తనే పొరబడిందేమో!

రెండు గంటల తర్వాత లోయ నిలువు కొండకు తగిలి ఆగిపోయింది. సగిన్ గుర్రం దిగి మంచులో కూలబడ్డాడు.

“నాకేం తెలీట్లేదే, బురుల్చా.”

పిల్ల మూలుగు కూడా ఆగిపోయింది. “లే! లేవకపోతే నిన్నిక్కడే వదిలేసి పోతా!” అని అరిచి, ఆమె గుర్రాన్ని వెనక్కి తిప్పింది. గుర్తుపట్టడానికి ఒక్క రాయీ లేదు, అంతా తెలుపే. ఏడుస్తూనే, ఏటి హోరును ఎడమ చెవికి వదలకుండా పట్టుకుని దిగింది. సగిన్ ఆమె వెనకే వచ్చాడు.

రోడ్డు చేరేసరికి సాయంత్రమైంది.

జిబెక్ బతికింది. కానీ వినికిడి పోయింది. “జ్వరం మెదడు పొరలకి ఎక్కింది. కొన్ని గంటలు ముందొస్తే దక్కేదేమో, చెప్పలేను” అంది డాక్టరమ్మ. బురుల్చా ఆమె చెయ్యి పట్టుకుని, “ఎన్ని గంటలమ్మా? నాలుగా? నాలుగేనా?” అని అడుగుతూనే ఉంది.

ఇంటికి తిరిగొచ్చాక ఊళ్ళో మగవాళ్ళు సగిన్ భుజం తట్టారు. “అంత మంచులో దారి కనిపెట్టావంటే నువ్వు మొనగాడివిరా!”

“నేను కాదు. తను తీసుకొచ్చింది. నేను దారి తప్పించాను.”

వాళ్ళు పగలబడి నవ్వారు. సగిన్ మళ్ళీ అదే మాట చెప్పాడు. ఇంకా గట్టిగా నవ్వారు.

గుమ్మంలో బురుల్చా కూతుర్ని పేరు పెట్టి పిలుస్తోంది. పిల్ల అటు తిరగలేదు.