పట్టాల దగ్గర ఎత్తిన చెయ్యి

కోలెట్ మిషోకి నోరు ఊరుకోదు. పదకొండేళ్లుగా స్కూలు బస్సు నడుపుతున్న మనిషి. వెనక నలభై మంది పిల్లలు, ముందు అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు మంచు, మధ్యలో తను. అద్దంలోంచే ఒకడికి చీవాట్లు పెట్టి, ఒకతె కొత్త టోపీని మెచ్చుకుని, ప్రశ్న తనే అడిగి జవాబు కూడా తనే చెప్పేసేది. బస్సులో అది ముచ్చట. క్లాసులో అదే కొంప ముంచుతోంది.

నలభై రెండో ఏట ఆమె అదే ఊరి హైస్కూల్లో ఇంగ్లిష్ టీచరుగా శిక్షణ పొందుతోంది. పొద్దున బస్సు, పగలు క్లాసు, సాయంత్రం మళ్లీ బస్సు. పిల్లలకి మాత్రం క్లాసులోనూ ఆమె కోలెట్టే. టీచర్ అని పిలవమంటే పగలబడి నవ్వేవాళ్లు.

బస్సుల షెడ్డులో వేళాకోళం సరేసరి.

"ఏం పంతులమ్మా, ఇవాళ ఇంజనుకేం పాఠం చెప్పావు?" అని డ్రైవర్ గస్ రోజూ అడిగేవాడు.

"నీకంటే అదే నయం గస్, చెబితే వింటుంది" అనేది ఆమె.

నవ్వుతూనే అన్నా లోపల దిగులుండేది. కాలేజీ నుంచి డాక్టర్ ఆల్డెన్ అనే ఆవిడ మూడుసార్లు వచ్చి ఆమె పాఠం చూడాలి. ఆవిడ చేతిలో స్టాప్‌వాచ్ ఉంటుంది. మొదటిసారి కాగితం మీద, నలభై అయిదు నిమిషాల పాఠంలో టీచరు మాట్లాడింది ముప్పై ఎనిమిది నిమిషాలు అని రాసింది. రెండోసారి ముప్పై ఆరు. మూడోసారీ ఇదే వరస అయితే టీచరు లైసెన్సు రాదు. జూన్‌లో ఇంగ్లిష్ చెప్పే ప్రౌటీ మాస్టారు రిటైరవుతున్నాడు. లైసెన్సు వస్తే ఆ ఉద్యోగం ఆమెకే అని ప్రిన్సిపాల్ మాటిచ్చాడు.

ఆమెకి పని నేర్పుతున్నది ఆ ప్రౌటీ మాస్టారే. "ప్రశ్న అడిగాక నోరు మూసుకో తల్లీ. నా దగ్గర అంతకంటే మంత్రం లేదు" అన్నాడాయన.

"ఎవరూ పలక్కపోతే నాకు ఊపిరాడదు మాస్టారూ. పాపం, వాళ్లకి రాదేమో అనిపిస్తుంది."

"రాదని నువ్వే ఎందుకు తేల్చేస్తావు? ఆలోచిస్తున్నారేమో!"

ఆ మాట ఆమెకి గట్టిగానే తగిలింది.

మూడోసారి డాక్టర్ ఆల్డెన్ వచ్చేసరికి బంగాళాదుంపల సెలవులు అయిపోయి రెండు రోజులైంది. మూడు వారాలు పొలాల్లో దుంపలు ఏరిన పిల్లల గోళ్లలో మట్టి ఇంకా వదల్లేదు. ఆ రోజు కథలో ఒక ముసలి రైతు పొలం అమ్మేసుకుంటాడు. మర్నాడు తెల్లవారకముందే ట్రాక్టరెక్కి వెళ్లి, పరాయిదైపోయిన ఆ పొలాన్నే దున్నుతాడు.

"తనది కాని పొలం ఎందుకు దున్నాడాయన?" అని కోలెట్ అడిగింది.

ఒక్కరూ పలకలేదు. వెనక బెంచీలో స్టాప్‌వాచ్ పట్టుకుని డాక్టర్ ఆల్డెన్ కూర్చుని ఉంది. కోలెట్ నాలుక చివరకి జవాబు వచ్చేసింది. నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడు, ఎవరో లాగినట్టు, ఆమె కుడిచెయ్యి దానంతట అదే పైకి లేచింది.

ఆ చెయ్యి పిల్లలందరికీ తెలుసు. రైలు పట్టాలు వస్తే స్కూలు బస్సు ఆగాలి, తలుపు తెరవాలి. రైలు చప్పుడు వినబడాలి కాబట్టి డ్రైవరు చెయ్యెత్తగానే బస్సంతా గప్‌చుప్ కావాలి. పదకొండేళ్లలో కోలెట్ నోరు మూతపడే చోటు ఏదైనా ఉంటే అదొక్కటే. అక్కడ ఆమె కూడా చెవులు రిక్కించేది.

క్లాసులో సగం మంది ఆమె బస్సులో పెరిగినవాళ్లే. అలవాటు కొద్దీ బిగుసుకుపోయారు. ఒకడైతే రైలు కోసం కిటికీలోంచి తొంగిచూశాడు. కోలెట్ చెయ్యి దించలేదు. ఈసారి నిజంగానే వింటూ నిలబడింది. పది సెకన్లు. ఇరవై.

"ఆయనకి పొద్దున లేస్తే ఇంకేం చెయ్యాలో తెలీదు."

ఆ గొంతు ట్రీనాది. ఒకటో తరగతి నుంచి డ్రైవరు సీటు వెనకే కూర్చుని, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలూపడం తప్ప పెదవి విప్పని పిల్ల.

"మా తాత పొలం అమ్మేసి మూడేళ్లైంది. ఇప్పటికీ నాలుగింటికే లేచి, బూట్లేసుకుని వంటింట్లో కూర్చుంటాడు. మేం లేచాక విప్పేస్తాడు."

కోలెట్ ఎత్తిన చెయ్యి దించింది. అప్పుడూ మాట్లాడలేదు. ఇంకో చెయ్యి లేచింది, తర్వాత మరొకటి. ప్రతి ఇంట్లోనూ ఒక ముసలాయనా ఒక జత బూట్లూ ఉన్నట్టు తేలింది.

గంట కొట్టాక డాక్టర్ ఆల్డెన్ కాగితం చేతికిచ్చింది. టీచరు మాట్లాడింది పదకొండు నిమిషాలు. కింద, లైసెన్సుకి అర్హురాలు అని సంతకం. "నీకు మంత్రం దొరికిందన్నమాట" అంటూ ప్రౌటీ మాస్టారు ముక్కు చీదుకున్నాడు. కోలెట్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో దాచుకుంది. పదకొండేళ్లు ఆ స్కూలు గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయిన మనిషికి ఎంత గర్వం ఉండాలో అంత గర్వంగానూ ఉంది.

మర్నాడు పొద్దున బస్సు పట్టాల దగ్గర ఆగింది. కోలెట్ తలుపు తెరిచి చెయ్యెత్తింది. బస్సంతా నిశ్శబ్దం. చల్లగాలి లోపలికి వచ్చింది. దూరంగా కూడా ఏ చప్పుడూ లేదు.

డ్రైవరు సీటు వెనక నుంచి ట్రీనా ముందుకి వంగింది.

"రైలేం రావట్లేదు, పోనివ్వండి టీచర్."

ఎవరూ నవ్వలేదు. కోలెట్ తలుపు మూసి, మాటా పలుకూ లేకుండా బస్సుని పట్టాలు దాటించింది.