మాస్టారింటి సీసా

దానం మాస్టారు పోయిన మర్నాడు పొద్దున్నే ఆయన కొడుకు సుధీర్ బ్రాందీ కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను అటువైపు తొంగి చూసిన పాపాన పోలేదు. కొట్టు తెరిచేది పది గంటలకని కూడా తెలియక తొమ్మిదింపావుకే వచ్చేసి, మూసిన షట్టరు ముందు వానలో తడుస్తున్నాడు.

ఇంట్లో తండ్రిని ఐస్ బాక్సులో పెట్టారు. కువైట్ నుంచి అక్క షైనీ రెండింటికి ఇల్లు చేరుతుంది. నాలుగింటికి భూస్థాపన. ఇదంతా ఉండగా కొడుకు ఇక్కడెందుకు ఉన్నాడంటే, సాలమోను గోతిలోకి దిగనన్నాడు కాబట్టి.

కోనసీమలో వానాకాలం పోయినవాళ్ళకి భూమిలో చోటు అంత సులువుగా దొరకదు. రెండడుగులు తవ్వితే నీళ్ళు, మూడో అడుగుకి బురద. ఒకడు తవ్వుతుంటే ఇంకొకడు బకెట్టుతో తోడుతూనే ఉండాలి. సమాధుల తోటలో నలభై ఏళ్ళుగా ఆ పని సాలమోనుది. నడుంలోతు నీళ్ళలో గంటల తరబడి నిలబడేవాడికి చనిపోయినవారి ఇంటి నుంచి ఒక సీసా రావాలి. అది ఆ ఇంటివాళ్ళే కొనాలి, ఆ ఇంటివాళ్ళే చేతికివ్వాలి. ఇరుగుపొరుగు జాలిపడి కొనిచ్చినది సాలమోను ముట్టడు. ఇదేం పట్టింపయ్యా అంటే, "పోయినోరు పంపించినట్టుండాలండి మరి" అంటాడు.

నాలుగేళ్ళ కిందట మాస్టారి భార్య పోయినప్పుడు మాస్టారు సీసా ఇవ్వలేదు. ఎలా ఇస్తారు? చర్చి సంఘంలో మద్యపాన నిషేధ కమిటీకి అధ్యక్షుడు ఆయనే. ఫ్లాస్కు నిండా అల్లం టీ, డజను బన్నులు పంపించి, గోతి ఒడ్డున నిలబడి సాలమోను ఆరోగ్యం కోసం ప్రార్థన కూడా చేశారు. సాలమోను టీ తాగి, గొయ్యి తవ్వి, పదిహేను రోజులు జ్వరంతో మంచం పట్టాడు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఈసారి మాత్రం తెల్లారగానే వచ్చి సుధీర్‌ని పశువుల పాక చాటుకి పిలిచాడు.

"బాబూ, ఏమీ అనుకోకండి. అప్పుడంటే ఒంట్లో సత్తువుందండి. ఇప్పుడు అరవై దాటిపోయేయి. సీసా లేకుండా ఆ నీళ్ళల్లో దిగేనంటే మాస్టారి పక్కనే నాకూ ఓ గొయ్యి తీయించాలండి మీరు."

"నాలుగింటికండీ కార్యక్రమం," అన్నాడు సుధీర్.

"ఆయ్, తెలుసండి. పన్నెండు లోపు దిగితే అయిపోద్దండి. మీరు తెచ్చేరా, ఆ క్షణం దిగిపోతానండి."

ఇంటినిండా సంఘం పెద్దలే. వాళ్ళల్లో ఎవర్ని అడిగినా మాస్టారి పేరు గంగలో కలిసినట్టే. ఊళ్ళో ఒకప్పుడు బెల్టు షాపు ఉండేది గానీ, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించి దాన్ని ఎత్తించింది కూడా మాస్టారే. మంచి పనే చేశారు, కాదనం. ఫలితంగా ఆయన కొడుకు మూడు కిలోమీటర్లు వానలో బండి మీద సెంటరుకి రావలసి వచ్చింది.

పదింటికి షట్టరు లేచింది. ఇనప చువ్వల వెనక లాజరు కనిపించాడు.

లాజరుది కూడా ఆ ఊరే. మాస్టారి దగ్గరే అక్షరాలు దిద్దాడు. సుధీర్‌ని భుజాల మీద ఎక్కించుకుని చర్చికి తీసుకెళ్ళిందీ, పాటలకి డోలు వాయించిందీ అతనే. మూడేళ్ళ కిందట ఈ కొట్టులో ఉద్యోగానికి కుదిరినప్పుడు మాస్టారు పిలిపించి, డోలు కావాలో కొట్టు కావాలో తేల్చుకోమన్నారు. లాజరుకి ఇద్దరు పిల్లలు. డోలు అప్పగించేసి వచ్చేశాడు. ఆ తర్వాత మాస్టారు అతని మొహం చూడలేదు.

"ఏం కావాలండి?" అన్నాడు లాజరు, ఎవరో కొత్తవాణ్ణి అడిగినట్టు.

ఆ 'అండి' సుధీర్‌కి చివుక్కుమంది. నిన్నమొన్నటిదాకా 'ఏరా' అని పిలిచిన మనిషి.

"ఒక ఫుల్ బాటిల్ అన్నయ్యా. ఏదైనా పర్లేదు."

"ఆధార్ చూపించండి."

"నేనా?"

"మీరేనండి. ఇరవై ఒకటి నిండనోళ్ళకి ఇవ్వకూడదండి. అదిగో బోర్డు. అదిగో కెమెరా."

బోర్డు ఎప్పటినుంచో ఉంది గానీ, దాన్ని ఎవరైనా చదివిన దాఖలాలు లేవు. పోయిన నెల ఒక ఇంటర్ కుర్రాడు ఇక్కడే కొనుక్కుని తాగి, బండితో సహా పోయి కాలవలో పడ్డాడు. బతికి బట్టకట్టాడు. సీసా అమ్మినవాడి ఉద్యోగం మాత్రం బతకలేదు. ఇంకొక్కసారి ఇలా జరిగితే నీ సంగతీ అంతేనని ఓనరు లాజరుకి చెప్పి ఉన్నాడు. కాబట్టి లాజరు అడిగినదాంట్లో సగం రూలు, సగం కోపం. ఏ సగం ఎక్కువో అతనికీ తెలీదు.

సుధీర్ కార్డు అందించాడు. లాజరు దాన్ని వెలుతురుకి పట్టి, వేళ్ళు లెక్కపెట్టాడు.

"జూన్ పదిహేను, రెండువేల ఐదు. ఇరవయ్యేనండి."

ఆ ఊళ్ళో జూన్ పదిహేను గురించి కాస్త చెప్పుకోవాలి. ఆ ఊరి బళ్ళో చదివినవాళ్ళందరూ జూన్ పదిహేనునే పుట్టారు. బళ్ళో చేర్చుకునే రోజున దానం మాస్టారు రిజిస్టరు తెరిచి, పిల్లవాణ్ణి పైనుంచి కిందికి చూసి, రెండేళ్ళో మూడేళ్ళో తగ్గించి ఆ తేదీ వేసేవారు. రేపు గవర్నమెంటు ఉద్యోగం వస్తే సర్వీసు కలిసొస్తుందని ఆయన ఆశ. కొందరికి నిజంగానే కలిసొచ్చింది. తన సొంత కొడుక్కి కూడా పక్షపాతం లేకుండా రెండేళ్ళ నాలుగు నెలలు కోసేశారు.

"నాకు ఇరవై రెండు నిండేయన్నయ్యా! నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదండి. నాకూ రెండేళ్ళో మూడేళ్ళో తగ్గించేరు మీ నాన్నగారు. నాకు తెలిసి ఏం లాభం? కార్డుకి తెలీదు కదండి."

"ఇది నాక్కాదు. సాలమోను గోతిలోకి దిగనన్నాడు. నాన్న కోసం..."

"మీ నాన్నగారి కోసమా?" లాజరు నవ్వలేదు గానీ, నవ్వినంత పని చేశాడు. "బ్రాందీ సీసానా అండి?"

వెనకాల గొడుగు కింద నిలబడ్డ సుబ్బరాజు గారు, రోజూ షట్టరు లేచేసరికి హాజరయ్యే మనిషి, విసుక్కున్నారు. "ఏటండీ బాబూ ఈ రాద్ధాంతం! ఆ సీసా నేను కొంటాను, కుర్రాడికిచ్చేస్తాను. తెండి ఇటు."

"వద్దండి," అన్నాడు సుధీర్. "బయటివాళ్ళు కొంటే అతను ముట్టడండి."

అప్పుడొచ్చింది అతనికి తండ్రి మీద కోపం. బతికున్నన్నాళ్ళూ అబద్ధమాడితే చెవి మెలిపెట్టిన మనిషి, ఊరందరికీ కలిపి ఒక పెద్ద అబద్ధం రాసిపెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆయన్ని పాతిపెట్టడానికే అది అడ్డమొచ్చింది. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకున్నందుకు మరుక్షణం ఏడుపొచ్చింది. నిన్న రాత్రి నుంచి ఒక్క చుక్క రాలని కళ్ళు, బ్రాందీ కొట్టు ముందు, సుబ్బరాజు గారు చూస్తుండగా కారిపోయాయి.

"నిజం తేదీ రాసినది తెస్తే ఇస్తావా?" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "నాన్న చేత్తో రాసిందే ఉంది."

లాజరు కొంచెం తగ్గాడు. "తెండి. చూద్దాం."

ఆ తేదీ ఉన్నది మాస్టారి పాటల పుస్తకంలో. నల్ల అట్ట, చర్చికి యాభై ఏళ్ళు మోసుకెళ్ళిన పుస్తకం. బడి రిజిస్టరులో ఏం రాసినా ఆయన దేవుడి పుస్తకంలో మాత్రం నిజమే రాసేవారు. చిక్కేమిటంటే, పొద్దున్న మేనత్త కృపావతి దాన్ని తీసి ఐస్ బాక్సు మీద, సరిగ్గా మాస్టారి గుండెకి ఎదురుగా పెట్టింది. చుట్టూ ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. తడిసి ముద్దయిన సుధీర్ వాళ్ళ మధ్యలోంచి వెళ్ళి పుస్తకం చేతిలోకి తీసుకునేసరికి పాట ఆగిపోయింది.

"నాన్న పుస్తకం గుండెలకి హత్తుకోవాలనిపించిందా నాయనా?" అంటూ కృపావతి బావురుమంది.

"ఆయ్," అన్నాడు సుధీర్. అంతకన్నా ఏం చెప్తాడు? పుస్తకాన్ని పాలిథీన్ కవరులో చుట్టి చొక్కాలో దోపుకుని, మళ్ళీ బండెక్కాడు. అప్పటికి పదకొండు దాటింది.

లాజరు రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. ఎంత కాదన్నా చర్చిలో పెరిగినవాడు, ఆ కౌంటరు మీద దాన్ని పెట్టడానికి మనసొప్పక చేతుల్లోనే పట్టుకుని తెరిచాడు. మొదటి తెల్లకాగితం మీద మాస్టారి గుండ్రటి అక్షరాలు.

'పిల్లలు' అని పైన ఉంది. కింద షైనీ పేరు, తేదీ. దాని కింద: 'సుధీర్. 3-2-2003, సోమవారం ఉదయం. బడిలో 15-6-2005 అని వేసితిని. ప్రభువు క్షమించుగాక.'

లాజరు రెండుసార్లు చదివాడు. "మాస్టారి రాతేనండి. అబద్ధం కాదు. కానీ రేపు ఎక్సైజు వాళ్ళొచ్చి అడిగితే పాటల పుస్తకం చూసేనని చెప్పనా నేను? ఉద్యోగం పోద్దండి." ఈసారి గొంతులో కోపం లేదు, భయమే ఉంది. పుస్తకం మూయబోయి ఆగాడు. "ఇదేంటండి? 'మిగిలిన పిల్లలు ఆఖరి పేజీల్లో' అని రాసేరు. మీరిద్దరే కదా?"

"నేనెప్పుడూ చూడలేదన్నయ్యా."

పాటలన్నీ అయిపోయాక, కొత్త పాటలు రాసుకోవడానికి వదిలిన తెల్ల పేజీలు ఏడెనిమిది ఉంటాయి. మాస్టారు వాటిల్లో ఒక్క పాట కూడా రాయలేదు. అన్నీ పేర్లే. బళ్ళో తను జూన్ పదిహేను వేసిన ప్రతి పిల్లవాడి పేరూ, తల్లి పేరూ, ఆ తల్లి చెప్పిన గుర్తూ, దాన్నిబట్టి తను లెక్కకట్టిన అసలు తేదీ. లాజరు వేలు కిందికి జారుతూ ఒకచోట ఆగిపోయింది.

'లాజరు. మరియమ్మ కొడుకు. పెద్ద వరద తగ్గిన మూడోనాడు, ఏటిగట్టు మీద, తెల్లారుతుండగా పుట్టెనని తల్లి చెప్పినది. 21-8-1986, గురువారం. బడిలో 15-6-1989 అని వేసితిని.'

లాజరుకి తల్లి అతని పదో ఏట పోయింది. వరద ఏడు పుట్టావురా అనేది తప్ప ఆవిడ దగ్గర ఇంకో లెక్క లేదు. ఏ నెలో, ఏ వారమో ఎవర్నడగాలో కూడా తెలియక అతను అడగడం మానేసి పాతికేళ్ళు దాటింది. పిల్లలు "నీ పుట్టినరోజెప్పుడు నాన్నా" అంటే జూన్ పదిహేనని చెప్పి కేకు కోస్తాడు.

"గురువారం," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "తెల్లారుతుండగానంట."

కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తి, చేతిలో పుస్తకం ఉందని గుర్తొచ్చి భుజంతో తుడుచుకున్నాడు. సుబ్బరాజు గారు గొడుగు ఇంకో చేతికి మార్చుకుని అటు తిరిగి నిలబడ్డారు.

కాసేపటికి లాజరు వెనక్కి తిరిగి అరలోంచి ఒక సీసా తీశాడు. తన జేబులోంచి డబ్బు తీసి గల్లాపెట్టెలో వేశాడు. కెమెరాకేసి తన కార్డు ఒకసారి చూపించి మరీ బిల్లు చింపుకున్నాడు. పక్క తలుపులోంచి బయటికొచ్చి షట్టరు దించేశాడు.

"మరి నా సంగతేటండీ?" అన్నారు సుబ్బరాజు గారు.

"సాయంత్రం రండి. మా మాస్టారు పోయేరండి."

"ఓనరు గారికి తెలిస్తే?" అన్నాడు సుధీర్.

"తెలిస్తే తెలుస్తాది. బండి తియ్యరా."

"అన్నయ్యా, నువ్వు కొంటే ఎలా? సాలమోను సంగతి తెలుసు కదా, ఇంటివాళ్ళే కొనాలి."

లాజరు పుస్తకం కవరులో చుట్టి తన చొక్కాలో దోపుకుని వెనక ఎక్కాడు.

సమాధుల తోటలో సాలమోను గోనెసంచి కప్పుకుని ఒడ్డున కూర్చుని ఉన్నాడు. గోతి కొలతకి ముందు రోజు గీసిన గీతల్లో అప్పుడే నీళ్ళు చేరాయి. పార పక్కన రెండు బకెట్లున్నాయి. నీళ్ళు తోడే మనిషి ఇంకా రాలేదు. టైము పన్నెండుకి పది నిమిషాలు తక్కువ.

లాజరు సీసా అందించాడు. సాలమోను అందుకోలేదు. సీసానీ, లాజరునీ, వెనక నిలబడ్డ సుధీర్‌నీ మార్చి మార్చి చూశాడు.

"ఎవరు కొన్నారండి ఇది?"

సుధీర్ లాజరు వైపు చూశాడు.

"నేనే కొన్నాను," అన్నాడు లాజరు.

"కొట్టు లాజరువి కదా నువ్వు? మరి నాకు మాస్టారింటిది కావాల."

"మాస్టారింటిదే."

"ఎలాగ?"

లాజరు చొక్కాలోంచి పుస్తకం తీసి, వాన పడకుండా ఛాతీ అడ్డుపెట్టి, ఆఖరి పేజీలు తెరిచి పట్టుకున్నాడు.

"ఇదిగో. పిల్లల్లో రాసేరు నన్ను. చూసుకో."

సాలమోనుకి చదువు రాదు. అయినా ఒంగి, లాజరు వేలు పెట్టిన చోట చాలాసేపు చూశాడు. ఆ తర్వాత సీసా తీసుకుని, మూత తిప్పి, రెండు గుక్కలు వేసి, గోనెసంచి పక్కన పడేసి దిగాడు.

లాజరు పుస్తకం సుధీర్ చేతికిచ్చాడు. చొక్కా విప్పి, ఒక బకెట్టు తీసుకుని, సాలమోను వెనకే నీళ్ళల్లోకి దిగాడు.