మెట్ల కింద గొడుగు మనిషి

అక్క బొమ్మలో వేసిన రాయిని వేలితో తడిమి చూడాలనిపిస్తుంది. ఇది చెల్లెలి మురిపెం కాదు, ఆ వీధి వీధంతా అనే మాట. వందల ఏళ్ళ నాటి దేవాలయాల ముందు ఎండనక వాననక కూర్చుని ఎవరెవరో చిత్రకారులు బొమ్మలు వేసి పోయారు. ఆ పాత చిత్రాలకు చేత్తో నకళ్ళు వేసి ఇవ్వడమే ఈ అక్కాచెల్లెళ్ళ వృత్తి. గోపురం, స్తంభాలు, మెట్లు అక్కవి. ఆకాశం, చెట్లు, నీళ్ళు చెల్లెలివి. ఫ్రేములు కట్టే బావ తన భార్యని రాళ్ళమ్మ అనీ, మరదలిని నీళ్ళమ్మ అనీ పిలుస్తాడు.

అక్క నోటికి జడవనివాళ్ళు లేరు. చెల్లెలు ఒకసారి ముచ్చటపడి స్తంభం మీద బ్రష్ పెట్టబోతే, "నీళ్ళు పోసే చేత్తో రాయి ముట్టుకోకే, నాచు పడుతుంది!" అని కసిరింది. చెల్లెలు నొచ్చుకోలేదు. ఆ పనితనం చూశాక ఎవరికైనా ఎదురు చెప్పడానికి నోరెలా లేస్తుంది? నల్లరంగు ముట్టకుండా, మట్టిరంగులో నీలం కలిపి, పాతగుడ్డతో అద్ది, చాకు మొనతో గీకి, తరతరాల వానకు అరిగిన శిల్పాన్ని కాన్వాసు మీద నిలబెట్టేసేది మహాతల్లి! మూలంలో లేనిది ఒక్క గడ్డిపోచ కూడా పెట్టనిచ్చేది కాదు.

అలాంటి అక్కకు, పని మధ్యలో ఉండగా, కుడిచేయి పడిపోయింది.

అది గ్రంథాలయం వాళ్ళు అడిగిన పని. హాలు గుమ్మానికి అటొకటి ఇటొకటి పెట్టుకోవడానికి ఒకే చిత్రానికి రెండు నకళ్ళు కావాలన్నారు. కొండ ఒడిలో పాత గుడి, గోపురం మీద మొలిచిన గడ్డి, మెట్ల కింద గొడుగు పట్టుకుని నిటారుగా నిలబడ్డ గోరంత మనిషి. "రెండూ ఒకే చేతితో వేసినట్టుండాలి" అని మరీమరీ చెప్పారు. మొదటిది మనిషి తప్ప పూర్తయింది. మనిషి ఎప్పుడూ ఆఖర్నే. గుడి ఎంత పెద్దదో చెప్పేది వాడే కాబట్టి, రాయి వేసినవాళ్ళే వాణ్ణి నిలబెట్టాలన్నది ఆ ఇంట్లో కట్టుబాటు. రెండో కాన్వాసు మీద ఇంకా పెన్సిలు గీతలే ఉన్నాయి.

"తిరిగి ఇచ్చేద్దాం. కొట్టు కూడా మూసేద్దాం" అంది అక్క మంచం మీంచి.

"నేను వేస్తానక్కా."

"నువ్వా! రాళ్ళా!" అంది అక్క. "సరే, వెయ్యి. నా రాయి పక్కన తేలిపోయిందో, ఆర్డరూ లేదు, కొట్టూ లేదు."

కొట్టు మూస్తే అక్క మళ్ళీ బొమ్మ వైపు కన్నెత్తి చూడదు. ఆ కళ్ళకి పని లేకపోతే ఆమె ఇక అక్కలా మిగలదు. అదీ చెల్లెలి భయం.

మొదట వేసిన రాళ్ళన్నీ ఉడకబెట్టిన బంగాళాదుంపల్లా వచ్చాయి. గీకేసింది. మళ్ళీ వేసింది, మళ్ళీ గీకేసింది. ఒక ఉదయం విసుగొచ్చి, బ్రష్ పక్కన పడేసి, మూలచిత్రాన్నే చూస్తూ కూర్చుంది. ఓరి దేవుడా, రాతి నీడల్లో ఉన్నది ఆకాశమే కదా! పైనున్న వెలుగే కిందికి వాలి స్తంభాల సందుల్లో ఒదిగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తను వేస్తున్నది అదేగా! ఆ తర్వాత ఆమె చేయి ఆగలేదు.

నకళ్ళను తలకిందులుగా నిలబెట్టి చూడటం అక్క అలవాటు. తిన్నగా ఉంటే కళ్ళు గుడిని చూసి మురిసిపోతాయట, తలకిందులైతేనే రంగులో లోపం పట్టుబడుతుందట. బావ రెండింటినీ అలాగే గోడకి ఆనించి, అక్కని నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. జబ్బు చేశాక ఆమె ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. చెల్లెలు పెరట్లో బ్రష్‌లు కడిగి వచ్చేసరికే చీవాట్లు మొదలయ్యాయి.

"ఈ కుడిపక్కది చూడవే. నీడలన్నీ ఒకటే ముద్ద! స్తంభాల అడుగున బరువేదీ? అదే నాది చూడు, ఆ ఎడంపక్కది. రాయి ఎలా కూర్చుందో! గాలి తగులుతోందే దానికి! నేనేనా వేసింది అనిపిస్తోంది."

ఎడంపక్కది చెల్లెలు వేసింది. నిజం చెబితే అసలే చెయ్యి పోయిన మనిషికి పుండు మీద కారం చల్లినట్టే. చెప్పకపోతే కొట్టుకి తాళం పడుతుంది.

"అక్కా, ఎడంపక్కది నాది" అంది మెల్లగా.

అక్క తల తిప్పి చూసింది. బావ రెండింటినీ తిన్నగా పెట్టాడు. అక్క చాలాసేపు కుడిపక్క బొమ్మనే చూస్తూ ఉండిపోయింది.

"అది వేసేటప్పటికే చెయ్యి లాగేస్తుండేది. మీకు చెప్పలేదు" అంది. తర్వాత ఉన్నట్టుండి పకపకా నవ్వింది. "దొంగముఖమా! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే ఈ పనితనం? కడుపు నిండిపోయిందే నాకు! రా, నా నీడల్లో కూడా కాస్త నీ ఆకాశం పొయ్యి. ఎక్కడెక్కడో నేను చెప్తా."

అక్క చూపించినచోటల్లా చెల్లెలు రంగు పెట్టింది. రెండు గుళ్ళూ కవలల్లా తయారయ్యాయి. ఇక మనుషులే మిగిలారు.

"నా బొమ్మలో కొంత రాయి నాదేగా. నా మనిషిని నేనే నిలబెడతా" అని అక్క సన్నబ్రష్ ఎడంచేతిలోకి తీసుకుంది. పళ్ళ బిగువున గీసింది. మనిషి వచ్చాడు గానీ నడుం వంగిపోయి వచ్చాడు, గొడుగు ఒక పక్కకి ఒరిగింది. "పాడు చేశానే" అని అక్క బ్రష్ కింద పెట్టేసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చెల్లెలు ఆ బ్రష్షే తీసుకుని తన కాన్వాసు ముందు కూర్చుంది. లేచేసరికి అక్కడా మెట్ల కింద ఒక మనిషి, నడుం వంచి, గొడుగు ఒరగేసి నిలబడి ఉన్నాడు.

"మొద్దూ! మూలంలో వాడు నిటారుగా ఉన్నాడు కదే!"

"రెండూ ఒకే చేతితో వేసినట్టుండాలన్నారుగా అక్కా."

అక్క రంగంటిన ఎడంచేత్తో చెల్లెలి చెంప మీద మెల్లగా ఒక్కటి అంటించి, ఆ చేతిని అక్కడే ఉంచేసింది.