పదివేల ఏడు పలకలు

మూతపడిన నూలు మిల్లు గోడ మీద, అందులో ఎప్పుడైనా పనిచేసిన ప్రతి మనిషికీ పేరు రాసిన పలక ఒకటి అతికించాలి. వరుసలన్నీ సమానంగా ఉండాలి, ఒక్క పలకా కోయకూడదు. కోస్తే మనిషిని కోసినట్టుంటుందని మేనేజరు పట్టు. మేస్త్రీ సరేనన్నాడు. పలకలు లెక్కపెట్టకుండా సరేననడమే ఆయన చేసిన తప్పు.

సిమెంటు కలిపే ముందు నేల మీద పేర్చి చూసుకోవడం ఆయన అలవాటు. వరుసకి వంద చొప్పున పేరిస్తే ఏడు మిగిలాయి. తొంభై తొమ్మిది చొప్పున పేరిస్తే ఎనిమిది. ఇంకొకటి తగ్గిస్తే పదకొండు. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న మనిషిని ఆ పలకలు మూడు చెరువుల నీళ్లు తాగించాయి.

సాయంత్రం ఆయన కూతురొచ్చింది. బడిలో లెక్కలు చెబుతుంది. మొత్తం పదివేల ఏడని విని, కాగితం మీద చాలాసేపు భాగహారాలు చేసింది.

"ఇది ప్రధాన సంఖ్య నాన్నా. ఒకటి, అదీ తప్ప ఇంకేదీ దీన్ని భాగించదు. నువ్వు తలకిందులుగా తపస్సు చేసినా సమానంగా రావు. అన్నీ ఒకే వరుసలో పెడతానంటే నీ ఇష్టం, గోడ ఊరు దాటిపోతుంది."

మర్నాడు మేనేజరు విషయం విని కాలిక్యులేటరు నొక్కాడు. రెండు తీసేస్తే ఎనభై ఏడు వరుసలు, వరుసకి నూట పదిహేను. హాజరు పుస్తకం తిరగేసి అందరికన్నా తక్కువ రోజులు పనిచేసినవాళ్లని వెతికాడు. తొమ్మిది రోజులు చేసినాయన ఒకరు, పదకొండు రోజులు చేసినావిడ ఒకరు. వాళ్లని వెతుక్కుంటూ ఎవరొస్తారు, తీసేయమన్నాడు. పలక కోయనివ్వని పెద్దమనిషి రెండు పేర్లు మాత్రం ఇట్టే కోసేశాడు.

ఆ పదకొండు రోజులావిడ మేస్త్రీ అక్క. పదహారేళ్లకి మిల్లులో చేరింది, జబ్బు పడింది, ఆ ఏడే పోయింది. ఫొటో కూడా లేదు. ఆమె పేరు లోకంలో ఆ పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. అయినా ఆయన నోరు విప్పలేదు. ఒక్క పూట గడువడిగి బయటికొచ్చి కూతురికి ఫోన్ చేశాడు. తీసేస్తే కుదిరింది కదా, కలిపితే కుదరదా అని అడిగాడు. కాసేపటికి ఆమె తిరిగి చేసింది. ఒక్కటి కలిపితే చాలట. డెబ్భై రెండు వరుసలు, వరుసకి నూట ముప్ఫై తొమ్మిది.

అదనపు పలక మీద మిల్లు మూతపడిన తేదీ రాద్దామన్నాడు మేస్త్రీ. మేనేజరుకి ఆ మాట నచ్చింది. ఎవర్నీ తీయక్కర్లేదని పుస్తకం మూసేశాడు. అప్పుడు చెప్పాడు మేస్త్రీ, ఆ పదకొండు రోజులావిడ తన అక్క అని.

మేనేజరు మొహం చిన్నబోయింది.

"ముందే చెప్పొచ్చు కదయ్యా?"

"చెబితే మా అక్కని ఉంచి, ఆవిడ బదులు ఇంకొకర్ని తీసేసేవారు కదండీ."