సైరన్‌లో లేని పొర

సైరన్ బ్యాటరీ విప్పి చూస్తే, లోపల ఉండాల్సిన నల్లటి పొర లేదు.

ఒక సెల్‌లో కాదు. దేనిలోనూ లేదు.

గాలి చొరని గాజుపెట్టె. రబ్బరు తొడుగుల్లో సింధూరి చేతులు ఆగిపోయాయి. లిథియం రేకు మీద ఎర్రటి మరక... కుళ్లిన నారింజ రంగు. గంధకం కరిగి, అడ్డు లేక, ఇవతలికి ఈది వచ్చి రేకును తినేసింది.

ఆ అడ్డు ఆమె చేసిందే. కొబ్బరి చిప్పల బొగ్గుతో చేసిన పొర. వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నటి రంధ్రాలు. కరిగిన గంధకాన్ని పట్టి ఉంచుతాయి, దాటనివ్వవు.

పొర ఉంటే బ్యాటరీ ఏళ్లు నిలుస్తుంది. లేకపోతే — కొన్నాళ్లు మహారాజు, ఆపైన శవం.

అండమాన్‌లో, మాయాబందర్ దగ్గర సింధూరి ఊళ్లో, సునామీ తర్వాత, ఒక అలవాటు పుట్టింది. ఊరంతా నిద్రపోతే ఒక ఇల్లు మేలుకునేది. వంతులవారీగా. సముద్రం వెనక్కి తగ్గుతోందేమో చూడడానికి.

పోయిన డిసెంబరులో సునామీ హెచ్చరిక సైరన్ వచ్చింది. సునామీ సంస్మరణ రోజున మోగింది. పెద్దలు చప్పట్లు కొట్టారు. ప్రాజెక్టు అధికారి మధుబాబు మెడలో దండ పడింది.

ఊరు కాపలా మానేసింది.

"ఇంక ఆరామ్‌గా పడుకో అమ్మమ్మా. మషీన్ చూసుకుంటాది," అని సింధూరే చెప్పింది.

"మరి మషీన్ పడుకుంటే దాన్నెవులు లేపుతారే?" అని బుల్లెమ్మ నవ్వింది.

నవ్వి, పడుకుంది. అందరూ పడుకున్నారు.

మొన్న పరీక్ష కోసం మీట నొక్కారు. సైరన్ కనీసం దగ్గలేదు. అందుకే సింధూరి బ్యాటరీని స్తంభం మీంచి దించి, పోర్ట్ బ్లెయిర్‌లో తన ల్యాబుకు తెచ్చింది.

పొర లేదని తేలగానే ముందు ఊరికి ఫోన్ చేసింది — కాపలా మళ్లీ పెట్టమని. తర్వాత మధుబాబు గదికి వెళ్లింది.

చల్లటి గది. గోడ మీద దండ వేసుకున్న ఫొటో. ఫొటో కింద అదే మొహం, దండ లేకుండా, అంతే గర్వంగా. గంధకం వాసన ఎరగని ముక్కు... సన్మానం వాసన మాత్రం మైలు దూరం నుంచే పసిగట్టే ముక్కు.

ఇలాంటివాళ్లకు సునామీ ఒక తేదీ. ఉపన్యాసానికి పనికొచ్చే తేదీ.

మూత బిగించిన గాజుసీసాలో ఎర్రబారిన రేకు. బల్ల మీద పెట్టింది.

"పొర ఏది సార్?"

మధుబాబు రేకు వైపు చూడలేదు. ఫొటో వైపు చూశాడు.

"నేనే తీయించాను. అప్పుడు నువ్వక్కడ ఊళ్లో సైరన్ స్తంభం పాతిస్తున్నావు. ఇక్కడ వానలకి నీ పొరకి తేమ పట్టేసింది. మళ్లీ ఆరాలంటే వారం పైనే. చీఫ్ గెస్ట్ ఆగుతాడా? పొర లేకుండానే మూసెయ్యమన్నాను. ఆ రోజుకి మోగుతుందని తెలుసు. తర్వాత చచ్చిపోతుందనీ తెలుసు. తర్వాత మార్పిద్దాంలే అనుకున్నాను... భూల్ గయా, మర్చేపోయాను. దేఖో బేటీ, మా ఇల్లు ఇక్కడే డాలీగంజ్‌లో, ఎత్తు మీద. అక్కడ పడుకుంటే సముద్రం గుర్తుకే రాదు."